చివరి గంటలో రోమీనా

పోయినవారం నన్ను నేను రైలు ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి వదిలేశాను. ఎందుకు నిలబడ్డానో మరిచిపోయినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను.

నా పేరు రోమీనా. మెల్‌బోర్న్‌కి పడమటి పక్క, మాల్టా నుంచి వచ్చినవాళ్ళ పిల్లలం సగం వీధి ఆక్రమించిన చోట నా కాపురం. నా వృత్తి పేకాట. నవ్వేవాళ్ళు నవ్వండి, నాకు అలవాటే. పోకర్ ఆడి ఇల్లు గడుపుతాను. పై అధికారి లేడు, జీతం లేదు, జ్వరం వస్తే సెలవు పెట్టడానికి ఎవరూ లేరు. ఒకప్పుడు రాత్రిళ్ళు ఆడేదాన్ని. వెళ్ళానంటే మర్నాటికి కూడా ఇల్లు చేరేదాన్ని కాదు. ఒకరోజు మా ఆయన క్లింట్ పాపని తీసుకుని వాళ్ళమ్మగారింటికి వెళ్ళిపోయాడు. చలికాలమంతా బతిమాలితే రెండు షరతుల మీద తిరిగొచ్చాడు. మొదటిది, ఉద్యోగానికి వెళ్ళినట్టు పగటిపూటే వెళ్ళాలి, సాయంత్రం ఐదింటికి బల్ల ముందు నుంచి లేవాలి. రెండోది, ఆటకని విడిగా పెట్టుకున్న డబ్బు ఉన్నంతవరకే ఆట. అది అయిపోయిన మర్నాడు మాంసం ఫ్యాక్టరీ ఆఫీసులో నా పాత కుర్చీకి వెళ్ళిపోవాలి. రెంటికీ ఒప్పుకున్నాను.

ఆ డబ్బు కరిగిపోతోంది. ఎక్కడ కారిపోతోందో నాకు అంతుపట్టలేదు. పోయిన శుక్రవారం ఐదు కావస్తుండగా ఎవరో గట్టిగా పందెం కాస్తే మంచి ముక్కలే పడేశాను. ఎదురుగా ఉన్న హెక్టర్, రిటైరైన పోస్టుమాస్టరు, పక్కవాడితో నవ్వుతూ అన్నాడు: "చెప్పలా? ఐదవుతోందంటే ఈ అమ్మాయి చేతిలో ఏమున్నా పడేస్తుంది." పక్కవాడు ఆశ్చర్యపోలేదు. బల్ల చుట్టూ ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదని, రైలు కోసం నిలబడ్డప్పుడు అర్థమైంది.

అర్థమైంది గానీ ఏమీ అనిపించలేదు. నాకు ఏమీ అనిపించక ఏడాదవుతోంది. అది జబ్బనుకోకండి, నేను కష్టపడి నేర్చుకున్న విద్య. ఈ పనిలో గెలిచినప్పుడు పొంగిపోయేవాడూ, ఓడినప్పుడు ఉడికిపోయేవాడూ ఎక్కువకాలం ఉండరు. అందుకని నా రోజుని నేనే ఒక పెట్టెలా కట్టుకున్నాను. పొద్దున్నే రెండు ఉడికించిన గుడ్లు, ఒక టోస్టు. రోజూ అవే. ఏం తినాలో ఆలోచించడానికి కూడా బుర్ర ఖర్చవుతుంది, ఆ బుర్ర బల్ల దగ్గర కావాలి. చొక్కాలన్నీ ఒకటే బూడిదరంగు. పాపని బడి దగ్గర దింపి, వాగు పక్కన నడక. తర్వాత బేకరీలో సెఫీనాతో టీ, నిన్నటి ఆట మీద చర్చ. ఆ తర్వాత రైలు, బల్ల. మధ్యాహ్నం ఒకసారి లేచి బయట ఎండలో నిలబడటం. ఐదింటికి లేచి సబ్బుతో చేతులు కడుక్కోవడం. డబ్బుకి బదులు వాడే పందెం బిళ్ళలు, అంటే చిప్స్, పట్టుకున్న చేతులు సాయంత్రానికి బొగ్గు ముట్టుకున్నట్టు నల్లబడతాయి, బయటివాళ్ళకి ఆ సంగతి తెలియదు. మళ్ళీ రైలు, ఇల్లు, మకరోనీ.

పెట్టె బాగానే కుదిరింది. కాకపోతే మూత తీయడం మరిచిపోయాను. మొన్నొకరోజు పాప ఊడిన పన్ను అరచేతిలో పెట్టుకుని వచ్చి చూపించింది. "బాగుంది" అన్నాను.

క్లింట్ గిన్నెలు కడగడం ఆపి వెనక్కి తిరిగాడు. "పన్ను ఊడితే బాగుంది అంటారా ఎవరైనా?"

"మరేమంటారు?"

"ఏమో. నువ్వు బల్ల దగ్గర్నుంచి వచ్చావా, ఇంకా అక్కడే ఉన్నావా అని అడుగుతున్నా." అతను మళ్ళీ గిన్నెల వైపు తిరిగాడు. నాకు బాధ కలగాల్సిన చోటు అదేనని తెలుసు. కలగలేదు.

సోమవారం పొద్దున బేకరీకి సెఫీనా నాకంటే ముందే వచ్చి కూర్చుంది. సెఫీనా సమోవా మనిషి. భారీ విగ్రహం, నవ్విందంటే పక్కబల్లల మీద కప్పులు కదులుతాయి. ఆదివారం చర్చిలో పాటల బృందానికి పెద్ద దిక్కు. అక్కడివాళ్ళు ఏం చేస్తుంటావని అడిగితే "లెక్కలు చూస్తుంటాను" అంటుంది. పేకాటలో లెక్కలు తప్ప ఇంకేముంది గనక, అబద్ధం కాదని ఆవిడ వాదన. నాలాగే పగటి ఆట, అదే పేకాట గది, ఎక్కువసార్లు అదే బల్ల. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు.

నేను బఠాణీ ముద్ద కూరిన మా మాల్టా పఫ్ఫులు, పస్టిట్సీల పళ్ళెం మధ్యలో పెట్టి, టీ పోసుకుని, నేరుగా అడిగాను.

"శుక్రవారం హెక్టర్ అన్నమాట విన్నావా?"

"విన్నాను."

"నీకు ముందే తెలుసా?"

సెఫీనా టీలో చెంచా తిప్పడం ఆపలేదు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఐదింటికి లేవడం మొదలెట్టినప్పట్నుంచీ. నాలుగు దాటితే చాలు, నీ కుర్చీలోకి ఇంకెవరో వచ్చి కూర్చుంటారే రోమీ. మధ్యాహ్నం దాకా ఆడిన మనిషి కాదు. బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంటావు. చిప్స్ దొంతులు సర్దుకుంటావు. ఆ రోజు వచ్చిందేదో పదిలంగా ఇంటికి చేర్చాలని చూస్తావు. అప్పుడు ఎవడు గట్టిగా కాసినా 'తీసుకో నాయనా' అని వదిలేస్తావు."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఎందుకు చెప్తాను?"

నిజమే, ఎందుకు చెప్తుంది? మాలో ఒక పద్ధతుంది, ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ అందరూ పాటిస్తారు. ఎలా ఆడావని అడిగితే చెప్పొచ్చు. ఎలా ఆడాల్సిందో వాదించుకోవచ్చు. కానీ ఎదుటివాడి లోపం వాడికి చెప్పకూడదు. వాడి లోపమే మన కూడు. అయినా ఆ పద్ధతి బయటివాళ్ళ విషయంలోనే అనుకున్నాను.

"నువ్వు కూడా డబ్బు కొట్టావా? చివరి గంటలో, నా మీద?"

"కొట్టాను." ఆవిడ నా కళ్ళలోకే చూసి చెప్పింది. "చాలాసార్లు కొట్టాను. మావాడి పళ్ళకి క్లిప్పులు పెట్టించింది అందులోంచే అనుకో."

"రోజూ పొద్దున నా ఎదురుగా కూర్చుని, నా పస్టిట్సీలు తింటూ..."

"నీవేంటే? ఒకరోజు నువ్వు కొంటున్నావు, ఒకరోజు నేను కొంటున్నాను. శుక్రవారానివి నావి." ఆవిడ పళ్ళెం కొంచెం పక్కకి జరిపింది. "ఇంకోటి కూడా చెప్పనా? మా అమ్మ పోయినప్పుడు నెల్లాళ్ళు మతిలేకుండా ఆడాను. ముక్కలు కనపడేవి కావు నాకు. 'సెఫీ, ఇంటికి పోవే' అన్నావా ఒక్కరోజైనా? నా ఎదురు కుర్చీయే వెతుక్కుని మరీ కూర్చున్నావు."

ఆ నెల నాకు బాగా కలిసొచ్చిందన్న సంగతి మాత్రం గుర్తొచ్చింది. ఒక స్నేహితురాలి నోటి వెంట ఆ మాట విన్నాక తల కొట్టేసినట్టు ఉండాలి. నేను ఇంకో పస్టిట్సీ తీసుకుని తిన్నాను. లోపలి బఠాణీ ముద్ద వేడికి నాలిక కాలింది, అది మాత్రం తెలిసింది.

"సరే. ఇన్నాళ్ళూ చెప్పనిదానివి ఇవాళెందుకు చెప్తున్నావు?"

"నువ్వడిగావు కాబట్టి. అడిగితే మొహం మీద అబద్ధం ఆడను, బల్ల దగ్గర తప్ప."

"ఇంకొక్క ట్రే చిప్స్ మిగిలాయి సెఫీ."

ఆవిడ చెంచా ఆగింది. "ఆట డబ్బు మొత్తం మీదా?"

"మొత్తం మీద. అది పోతే రేపట్నుంచి మాంసం ఫ్యాక్టరీయే."

"క్లింట్‌కి తెలుసా?"

"తెలుసు. ఆయన ఏమీ అనడు. పొద్దున భోజనం డబ్బా సర్దుకుంటూ 'ఫ్యాక్టరీవాళ్ళు మనుషుల్ని తీసుకుంటున్నారట' అన్నాడు, బయట చినుకులు పడుతున్నాయి అన్నట్టు."

సెఫీనా ముందుకు వంగి, గొంతు తగ్గించి అంది: "అయితే విను. ఇవాళ నాలుగు దాటాక ఎవడైనా గట్టిగా కాస్తే వదలకు. నువ్వు పారిపోతావని ధీమాతో కాస్తారు, వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు. వదలకు, అర్థమైందా?"

రైల్లో పక్కపక్కనే కూర్చున్నాం. నా బుర్ర తన పని తాను చేసుకుంటూ పోయింది. ఆటగాళ్ళం ఊరికే ఏదీ చెప్పం. ఒకడు నీకు ఒక మాట చెప్పాడంటే, ఆ మాట విని నువ్వు ఏదో చెయ్యాలని వాడి ఆశ. ఇవాళ నేను వదలకపోతే ఎవరికి లాభం? చేతిలో నిజంగా మంచి ముక్కలు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నవాళ్ళకి. సెఫీనా కూడా నా ఎదురుగానే కూర్చుంటుంది. ఒక స్నేహం గురించి ఇలా లెక్క వేస్తున్నందుకు సిగ్గుపడాలని తోచింది. తోచిందంతే, సిగ్గు రాలేదు.

ట్రేలో ఉన్నదంతా బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. పగలంతా మామూలుగా గడిచింది. కొంచెం వచ్చింది, కొంచెం పోయింది. మధ్యాహ్నం బయటికి వెళ్ళి ఎండలో నిలబడి వచ్చాను. నాలుగు దాటాక నా చెయ్యి దానంతటదే కుర్చీకింద బ్యాగు వైపు పోయింది. వెనక్కి తీసుకున్నాను. చిప్స్ కూడా చిందరవందరగా వదిలేశాను. హెక్టర్ అలవాటు ప్రకారం గట్టిగా కాశాడు. నేను వదల్లేదు. ఆయన చేతిలో ఏమీ లేదు. "ఏమ్మా, ఇవాళ గడియారం ఆగిపోయిందా?" అని గొణిగాడు. బల్లంతా నవ్వింది, సెఫీనా తప్ప.

సెఫీనా చెప్పింది నిజమేనన్నమాట. లేదా, నేను నమ్మాలని మొదట ఒక నిజం చెప్పిందన్నమాట.

తర్వాత కాసేపటికి నాకు రెండు రాజులు వచ్చాయి. ముక్కలు పంచే డీలర్ థూయ్, చాలా నెమ్మదైన అమ్మాయి, బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు పరిచింది. కళావరు రాజు, ఆటీన్ ఏడు, ఆటీన్ రెండు. అంటే నావి మూడు రాజులు. నేను కాశాను. అందరూ తప్పుకున్నారు, సెఫీనా మిగిలింది. నాలుగో ముక్క ఇస్పేటు నాలుగు. మళ్ళీ కాశాను, మళ్ళీ ఆవిడ వదల్లేదు. ఐదో ముక్క ఆటీన్ జాకీ. ఇప్పుడు మధ్యలో ఆటీన్లు మూడు. ఆవిడ చేతిలో ఇంకో రెండు ఆటీన్లు ఉంటే, ఐదూ ఒకే రంగై, నా మూడు రాజులు చిత్తు.

సెఫీనా క్షణం కూడా ఆగలేదు. రెండు చేతులతో తన దొంతులన్నీ ముందుకి తోసింది. "అంతా" అంది. దానికి సరితూగాలంటే నా దగ్గరున్న ఆఖరి చిప్ దాకా పెట్టాలి.

మొన్నటిదాకా అయితే ఈపాటికి నా ముక్కలు థూయ్ ముందుండేవి, నేను చేతులు కడుక్కుంటూ ఉండేదాన్ని. నేను కదల్లేదు. సెఫీనా నా చిప్స్ వైపు చూసింది. అవే నా ఆఖరివని ఆవిడకి తెలుసు. అప్పుడు ఆవిడ మొహంలో ఏదో మారింది.

"రోమీ," అంది మెల్లగా. "పడెయ్యి. లేచి ఇంటికి పో."

"ఆట మధ్యలో ఈ కబుర్లేంటమ్మా?" అన్నాడు హెక్టర్.

పొద్దున వదలకు అంది. ఇప్పుడు వదిలెయ్ అంటోంది. రెండిట్లో ఏది స్నేహం, ఏది ఆట? మంచి ముక్కలున్న మనిషి ఎదుటివాళ్ళని పొమ్మంటుందా ఎక్కడైనా? ఏమీ లేనివాళ్ళే పొమ్మంటారు. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది అదే. ఈవిడ నా చివరి గంటనే మళ్ళీ ఒకసారి దోచుకోబోతోంది, ఈసారి మంచిమాటతో. నా చిప్స్ అన్నీ ముందుకి తోశాను.

"కాల్," అన్నాను. ఎవరూ అడగకముందే నా రాజుల్ని వెల్లకిలా తిప్పి పరిచేశాను.

సెఫీనా మొహాన కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. నా రాజుల్ని చూసింది, నా ముందు ఖాళీ అయిన చోటుని చూసింది. థూయ్ "మీవి చూపించండి మేడమ్" అంటుండగానే తన రెండు ముక్కల్నీ బోర్లాగానే ముందుకి నెట్టేసింది.

"ఆవిడే గెలిచింది. నా దగ్గరేం లేదు."

నేను గెలిచాను. బల్ల మధ్య ఉన్నదంతా నాది. ఫ్యాక్టరీ లేదు, రేపు మళ్ళీ రెండు గుడ్లు, ఒక టోస్టు. సంతోషించాల్సిన చోటు. ఏడాది తర్వాత నాకు మొదటిసారి ఏదో అనిపించింది, అది కోపం. ఎలా అణచుకోవాలో మరిచిపోయాను.

"ఏమీ లేకుండానే నన్ను ఇంటికి పొమ్మన్నావా?" అని అరిచాను. "పొద్దున బేకరీలో చెప్పినదంతా దీనికోసమేనా? ఒక్క ట్రే మిగిలిందని నీకొక్కదానికే కదే చెప్పుకున్నాను!"

సెఫీనా కళ్ళు పెద్దవయ్యాయి. "నోరు ముయ్యవే," అంది, పెదవులు కదలకుండా.

అప్పటికే ఆలస్యమైంది. "ఏం చెప్పింది పొద్దున?" అన్నాడు హెక్టర్, కుర్చీలో వెనక్కి తిరిగి ఎవరినో చూస్తూ. గది సూపర్వైజర్ డెస్మండ్ పక్కబల్ల వదిలి మా వైపు వస్తున్నాడు. మంచివాడే, గట్టిగా మాట్లాడడు.

"థూయ్, ఆ రెండు ముక్కలూ కలపకు," అన్నాడు.

"ఓడిపోయాను డెస్, అంతే," అంది సెఫీనా. "ఓడిన ముక్కలు చూడటానికేముంది?"

"ఇద్దరూ స్నేహితులు. ఉన్నదంతా పెట్టి, చూపించకుండా పారేశారు. పైగా పొద్దున్నే ఏదో అనుకున్నామని అరుస్తున్నారు. నేను చూడక తప్పదు."

థూయ్ ముక్కలు తిప్పింది. ఆటీన్ ఆసు. ఆటీన్ ఐదు.

ఆ రెండిటినీ మధ్యలో ఉన్న మూడిటితో కలిపి లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. నా రాజులు ఓడిపోయాయి. ఆవిడ నన్ను పొమ్మన్నది నా డబ్బు నాకు మిగలాలని. నేను పోకపోయేసరికి, గెలిచిన చేతిని బోర్లా తిప్పి పారేసింది. ఆటగాళ్ళు ఒకరికొకరు కావాలని ఓడిపోవడం ఏ గదిలోనైనా మోసం కిందే లెక్క. ఏడాది పాటు కష్టపడి కట్టుకున్న పెట్టె నా కళ్ళముందే విచ్చిపోయింది, ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"రోమీనా," అన్నాడు డెస్మండ్. "ఒక్క ప్రశ్న. ఆవిడ ఇలా చేస్తుందని నీకు ముందే తెలుసా? తెలియకపోతే నీకేం ఇబ్బంది లేదు, రేపు మామూలుగా రావచ్చు. ఆవిడకి మాత్రం ఈ తలుపు మూసినట్టే. ఇద్దరూ అనుకుని చేసి ఉంటే ఇద్దరికీ మూసినట్టే."

"దానికేం తెలియదు," అంది సెఫీనా వెంటనే. "నేనే చేశాను. దాన్ని ఇంటికి పంపించెయ్యండి."

"నేను అడిగింది నిన్ను కాదు సెఫీనా. ఆవిడే చెప్పాలి."

తెలియదు. అదే నిజం. ఆ ఒక్కమాట అంటే నా రోజు నాకు మిగులుతుంది, క్లింట్ మిగులుతాడు, రేపటి బల్ల మిగులుతుంది. ఎదురు కుర్చీ ఒక్కటే ఖాళీ అవుతుంది. డెస్మండ్ ఎదురుచూస్తున్నాడు. సెఫీనా నావైపే చూస్తూ, తల అడ్డంగా ఊపుతోంది, అనెయ్యవే అన్నట్టు.

నేను కళ్ళు తుడుచుకున్నాను. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాను.

"చెప్తాను డెస్మండ్," అన్నాను. ఏం చెప్పానో వచ్చేవారం.